ముగ్గురి వేడి

మూత 1వ రోజు

ఉదయం ఏడు గంటలకు గడప తొలి లెక్క చెప్పింది. "ఈ ఇంట్లో ముగ్గురు."

మేము ఇద్దరం. నేను, మా వారు. ముప్పై నాలుగేళ్ళు బడిలో తెలుగు చెప్పినదాన్ని, ఇద్దరికీ ముగ్గురికీ తేడా నాకు వినపడుతుంది. "ఇద్దరం" అన్నాను గట్టిగా.

"ముగ్గురు. హైమవతి, సోమేశం, అప్పలసూరి. అరవై రోజులు క్షేమంగా ఉండండి" అని ఆగిపోయింది.

మా వారు దుప్పట్లోంచే నవ్వారు. "పోనిద్దూ. ముగ్గురి వేడి వస్తుంది. ఈ ఏడాదికి స్వెటర్లు పెట్టెలోనే ఉంచెయ్."

ఇంట్లో వేడి ఇరవై నాలుగు డిగ్రీలు. పోయిన మూతలో మొదటిరోజు పంతొమ్మిది. ఎండ తగ్గించడానికి ఆకాశానికి తెర కట్టాక, చలికి తలుపులన్నీ అరవై రోజులు బిగించేసే మూతల్లో ఇది పదకొండోది. ఇంట్లో ఇంత వెచ్చగా ఎప్పుడూ లేదు. కిటికీ అద్దం అవతల ఎప్పటిలాగే తెల్లగాలి. ఎదురింటి మెట్లు కూడా కనబడలేదు.

కందిపప్పు ఆరు కిలోలు, బియ్యం ఇరవై, చింతపండు కిలోన్నర. ఉసిరికాయ పచ్చడి రెండు సీసాలు. మూడో సీసా పక్కింటి అప్పలసూరి గారికి నిన్న ఇచ్చాను. వత్తులు నూరు చేశాను. గడప లెక్క తప్పిందని, మనిషికింత అని వేడి పంచే కచేరీకి ఫోను చేస్తే ఎవరూ ఎత్తలేదు.

మూత 2వ రోజు

మళ్ళీ ముగ్గురనే అంది.

సాయంత్రం నాలుగింటికి మా వారు గోడ దగ్గర పులిజూదం పలక పరిచారు. పక్కిల్లు అప్పలసూరి గారిది. ఆయన రైల్వేలో కీమేను చేసి రిటైరయ్యారు. సుత్తి భుజాన వేసుకుని రోజూ పట్టాల వెంట నడిచి, బిగింపులు కొట్టి చూస్తూ, మోతను బట్టి ఏది వదులైందో చెప్పే ఉద్యోగం. ఇంజన్ల మోతకు ఒక చెవి పోయింది కనుక ఫోను ఆయనకు నచ్చదు. మూతలో ఇద్దరూ గోడ మీద కొట్టి ఆడుకుంటారు. పలక మీద ఇరవై మూడు బిందువులకూ నేనే అంకెలు వేసి ఇచ్చాను. ఏ బిందువు నుంచి ఏ బిందువుకో అన్ని దెబ్బలు. పులులు ఆయనవి, మేకలు మా వారివి.

ఈరోజు మా వారు మొదటి మేకను పెట్టి తొమ్మిది కొట్టారు. అవతలి నుంచి జవాబుగా ఆగకుండా దెబ్బలు వచ్చాయి. నేను యాభై మూడు దాకా లెక్కపెట్టాను.

"మేష్టరమ్మను ఏడిపించడానికి" అన్నారు మా వారు. "యాభై మూడో బిందువు ఎక్కడుందో వెతుక్కోమని."

నాకు అది హాస్యంగా వినపడలేదు. సుత్తి పట్టడం తెలిసిన మనిషి అలా కొట్టడు.

మూత 3వ రోజు

ఉమ్మడి గోడను తాకితే చల్లగా తగిలింది. మనవరాలు ఇందుజ కొనిచ్చిన వేడి కొలిచే పరికరాన్ని మా ఇంటి వేడి సోకని మూలన గోడకు ఆనించాను. పదిహేను. మా మిగతా గోడలు ఇరవై రెండు.

అప్పుడు అర్థమైంది.

మూత పడే రోజు అప్పలసూరి గారు మా డబ్బా తిరిగివ్వడానికి వచ్చారు. ఒక ఆట ఆడారు. పచ్చడి సీసా చంకలో పెట్టుకుని గడప మీద నిలబడి, "ఎల్తన్నానమ్మా మరి" అన్నారు.

"ఎన్నిసార్లు చెప్పాలి అన్నయ్య గారూ? గడప మీద నిలబడి వెళ్తున్నానంటారా? వస్తానని అనాలి."

"మీ ముందర మాట జారితే బెంచీ ఎక్కించీసేలాగున్నారు" అని ఆయన నవ్వారు. "సరే, వస్తాను. వస్తాను. వస్తాను. సాలా అమ్మా?"

సాలింది. నియమాల పుస్తకం పదకొండో పేజీ తీసి చూశాను. గడపకు మనుషుల రాకపోకల గురించి మూడే మాటలు తెలుసు. వెళ్తాను అంటే మనిషి ఆ ఇంట్లోంచి పోయినట్టు. వస్తాను అంటే ఆ ఇంట్లోకి వచ్చినట్టు. మూత పడే సైరను మోగాక ఉంటాను అంటే ఆ చలికాలానికి అక్కడే నివాసమున్నట్టు.

ఆయన తన ఇంటికి వెళ్ళి, లోపలికి వెళ్తూ ఏమీ అని ఉండరు. వచ్చానని చెప్పడానికి ఆ ఇంట్లో ఎవరున్నారు? భార్య రమణమ్మ గారు మొన్న శ్రావణంలో పోయింది. ఇన్నేళ్ళూ సైరను మోగితే ఇద్దరి తరఫునా ఆవిడే "ఉంటాం" అనేది. ఆయన ఏనాడూ గడపతో మాట్లాడి ఎరుగరు. ఆ మాట ఒకటి చెప్పాలని తెలుసో లేదో కూడా నాకు అనుమానమే.

మా ఇంట్లో ఆ మాట అనేది నేను. ఈసారీ నేనే అన్నాను. "ఉంటాం." బహువచనం. గడప పేర్లు రాసుకునే పట్టీలో అప్పటికి ముగ్గురున్నారు. ముగ్గురినీ కట్టేశాను.

ఆయన ఇల్లు ఇప్పుడు ఖాళీ ఇల్లు. ఖాళీ ఇంటికి నీళ్ళ గొట్టాలు గడ్డకట్టకుండా ఉండేంత వేడి మాత్రమే ఇస్తారు. కరెంటు ఉండదు. ఫోను పలకదు. ఆయన వయసు డెబ్భై ఆరు.

మూత 4వ రోజు

కచేరీలో రాజేశం అనే గుమస్తా ఫోను ఎత్తాడు. మొత్తం చెప్పాను. అడ్డురాకుండా విన్నాడు.

"అమ్మా, మీరు చెప్పింది నాకు సమజైంది. గని మూత పడ్డంక పట్టీ మారది. మునుపు వేడి కోసం లేని పేర్లు ఎక్కిచ్చిండ్రని ముద్ర ఏసిండ్రు."

"తెలుసు" అన్నాను. పట్టీలకు ముద్ర వేయాలని మూడేళ్ళ కిందట పెట్టిన అర్జీ మీద మొదటి సంతకం నాదే.

"పక్కిల్లు ఖాళీ కాదని ఆ ఇంటికైనా చెప్పు నాయనా."

"మీది ఆరో వరసల ఆఖరిల్లు. ఆయనది ఏడో వరస. ఆ వరస కచేరీ వేరమ్మా. మాకు వాళ్ళ పట్టీ కనవడది, మూత ఇప్పేదాంక వాళ్ళ ఫోన్లు మాకు కలవయి. నా చేతుల ఏం లేదు. ఉంటే చెయ్యనా?"

చేసేవాడే. అలాంటివాడిని తిట్టడానికి కూడా లేదు.

మా వారు ఊరుకోలేదు. గడప ముందు నిలబడి, నడుం వంచి, అచ్చం అప్పలసూరి గారి గొంతుతో "ఎల్తన్నానమ్మా మరి" అన్నారు.

"సోమేశం గారూ, మూతలో వెళ్ళడం కుదరదు" అంది గడప.

"చూశావా, నన్ను ఇట్టే గుర్తుపట్టింది. నువ్వు మాత్రం ఫోనులో నా గొంతు విని మా తమ్ముడనుకుంటావు." నవ్వించడానికే అన్నారు. నేను నవ్వలేదు. ఆయనా నవ్వలేదు.

మూత 6వ రోజు

గోడ పదమూడు.

మా వారు పొత్రం, పాత ఉలి తీసుకుని గోడ దగ్గర కూర్చున్నారు. జానెడు కన్నం చాలన్నారు. వెచ్చటి గాలి అటు పోతుంది, మాటలు ఇటు వస్తాయి. సున్నం ఊడి, లోపలి నల్లపొర కనబడేసరికి గడప పలికింది.

"గోడకు గాయమైతే ఆరు, ఏడు వరుసలకు వేడి ఆగుతుంది. ఇరవై రెండు ఇళ్ళు. నలభై తొమ్మిది మంది."

నలభై తొమ్మిదిలో ఇద్దరు చంటిపిల్లలు. ఒకరి బారసాలకు నేనే వెళ్ళాను.

మా వారు ఉలి కింద పెట్టారు. సున్నప్పొడి ఎత్తి పారేశాను. గుప్పెడుంది.

మూత 7వ రోజు

ఉదయం లెక్క అయ్యాక గడప అడిగింది. "అప్పలసూరి గారు ఏడు రోజులుగా పలకడం లేదు. నిద్రలో ఉన్నారా?"

"ఆయన ఇక్కడ లేరు."

"మూతలో ఎవరూ వెళ్ళలేదు. నిద్రలో ఉన్నారని రాసుకుంటున్నాను."

మంచం, బట్టల బీరువా ఉమ్మడి గోడ దగ్గర నుంచి జరిపాం. వేడి వచ్చే గొట్టం మూతి అటు తిప్పాం. ఇత్తడి పళ్ళేలు తోమి వాటి మీద పడ్డ వేడి గోడకు కొట్టేలా నిలబెట్టాం. ఇదంతా చేస్తుంటే ఇద్దరికీ చెమట పట్టింది. నేను చెంగుతో మొహం తుడుచుకున్నాను. ఆ పని చేస్తూ సిగ్గుపడ్డాను.

మూలన గోడ పన్నెండున్నర. అరడిగ్రీ ఇంకా తగ్గింది.

మూత 8వ రోజు, ఆదివారం

ఆదివారం పదకొండింటికి ఇందుజ ఫోను. ఆమె విత్తనాల గిడ్డంగిలో పనిచేస్తుంది, అక్కడా మూతే. నాలుగు నిమిషాలు ఇస్తారు. మూడు నిమిషాలు నేనే చెప్పాను.

ఇరవై ఎనిమిదో రోజు సంగతి కూడా చెప్పాను. నియమాల పుస్తకం ఇరవయ్యో పేజీ. మూతలో ఒకే ఒక్కసారి, ఇరవై ఎనిమిదో రోజు ఉదయం ఏడింటికి, ఖాళీ ఇళ్ళను గడప పిలుస్తుంది. లోపల మనిషి ఉండి సొంత నోటితో "ఉంటాను" అంటే ఆ ఇంటి పట్టీలో ఎక్కుతాడు. వేడి వస్తుంది. ఇంకే మాట అన్నా అది పక్కింటి నుంచి వినపడిన మాట కింద వదిలేస్తుంది.

"అయితే ఆ మాట ఆయనకు చెప్పాలి కదా అమ్మమ్మా."

"ఎలా చెప్పనే? గోడ అవతలికి దెబ్బలు వినపడతాయి, మాటలు వినపడవు."

"నాకు అక్షరాలు నేర్పేటప్పుడు బల్ల మీద వేలితో కొట్టేదానివి గుర్తుందా? ఐదు కొట్టి ఆగేదానివి. క ఖ గ ఘ ఙ. మళ్ళీ ఐదు. అలా కొట్టు. బడికెళ్ళిన వాళ్ళెవరికైనా తెలిసిపోతుంది." గంట మోగింది. "ఉంటాను అమ్మమ్మా!"

ఫోను పెట్టేసే ముందు ఉంటానంటావేమే, పోతూ పోతూ, అని ఈ పిల్లను ఎన్నిసార్లో కోప్పడ్డాను. ఈరోజు ఆ మాట విని ఫోను పట్టుకుని అలాగే నిలబడ్డాను.

మూత 9వ రోజు

పది గంటలకు మొదలుపెట్టాను. ఐదు దెబ్బలు, విరామం. ఐదు దెబ్బలు, విరామం. అలా ఐదు వరుసలు. క నుంచి మ దాకా. ఆగాను. మళ్ళీ కొట్టాను. పదకొండోసారి అయ్యాక అవతలి నుంచి వచ్చాయి. ఐదు, ఐదు, ఐదు, ఐదు, ఐదు. పొందికగా, సుత్తి పట్టడం తెలిసిన చేత్తో.

మా వారు నా భుజం పట్టుకుని ఊపేశారు. "అందుకున్నాడోయ్! కీమేను అందుకున్నాడు!"

మొదట వరుస, తర్వాత వరుసలో స్థానం. య ర ల వ శ ఆరో వరుస. అచ్చులకు ముందుగా గరిటె కాడతో గోడ మీద ఒక గీత గీసి, ఆ తర్వాత దెబ్బలు. అవునంటే ఒక్క దెబ్బ, కాదంటే రెండు. ఇదంతా నేర్పడానికి మధ్యాహ్నమంతా పట్టింది. గుణింతాలు లేవు, ఒత్తులు లేవు, సున్నాలు లేవు. అక్షరాల ఎముకలు మాత్రమే.

ఆయన పంపిన మొదటి మాట: రెండు, ఒకటి. ఆరు, మూడు. చ. ల.

చలి.

మూత 10వ రోజు

గోడ పదకొండు.

గీత, ఐదు. మూడు, ఒకటి. నాలుగు, ఐదు. ఉ ట న. ఉంటాను. ఆరుసార్లు పంపాను.

జవాబు వచ్చింది. గీత, ఐదు. నాలుగు, ఐదు. నాలుగు, ఐదు. ఉ న న.

"ఏమిటి?" అన్నారు మా వారు.

"ఉన్నాను."

ఉన్నారా అని నేను అడుగుతున్నాననుకున్నారు అప్పలసూరి గారు. బతికే ఉన్నానని చెబుతున్నారు.

కాదని రెండు దెబ్బలు కొట్టి మళ్ళీ పంపాను. ఉ ట న. కాసేపటికి జవాబు. ఉ న న. ఈసారి ఇంకొంచెం గట్టిగా, నాకు ఎక్కడ వినపడలేదోనని.

మూత 12వ రోజు

గ డ ప పంపాను. ఆ తర్వాత ఇరవై ఎనిమిది దెబ్బలు. ఆ తర్వాత ఉ ట న. ఆయన జవాబు: ప ల.

"పులి" అన్నారు మా వారు. "ఆట ఆడదామంటున్నాడు."

"పాలు కావచ్చు. ఆకలేస్తుందేమో."

"పాలెక్కడి నుంచి తెస్తాం? ఆట అయితే ఆడగలం." పలక పరిచి మా వారు తొమ్మిది కొట్టారు. అవతలి నుంచి పద్నాలుగు. ఆట సాగింది. గంటన్నర. అప్పలసూరి గారు మూడు మేకలు తిన్నారు. మా వారు కావాలని ఇచ్చారు. నాకు తెలుసు, పదిహేనేళ్ళుగా చూస్తున్నాను, ఆ మూలన మేకను ఎవరూ అలా వదలరు.

ఆయనకు తిండి ఉంది. అటుకులు, బెల్లం, నేనిచ్చిన జంతికలు, పచ్చడి. పొయ్యి వెలిగించే దారి లేదు, అంతే. బెల్లం అరకిలో ఉందనుకుంటే రోజుకు పాతిక గ్రాములు చొప్పున ఇరవై రోజులు. ఈ లెక్క నేనెందుకు వేస్తున్నానో తెలియదు. వేయకుండా ఉండలేకపోయాను.

మూత 14వ రోజు

"అప్పలసూరి గారు పద్నాలుగు రోజులుగా పలకడం లేదు. ఇరవై ఎనిమిది లెక్కల్లో పలకకపోతే పట్టీలోంచి తీసివేస్తాను" అంది గడప.

"తీసి ఏమని రాస్తావు?"

"లేరు అని."

గోడ తొమ్మిది. మా ఇల్లు ఇరవై నాలుగు. అన్నం సయించలేదు. మా వారు పెరుగన్నం కలిపి చేతిలో పెట్టారు. "నువ్వు మానేస్తే ఆ వేడి అటు పోదు హైమా" అన్నారు. తిన్నాను.

మూత 17వ రోజు

మూడు రోజులుగా ఉదయం గంట, సాయంత్రం గంట. ఉ ట న. ప్రతిసారీ ఉ న న.

"ఐదో తరగతి చదివిన మనిషిని పట్టుకుని ఎంత రాచిరంపాన పెడుతున్నావోయ్" అన్నారు మా వారు.

"ఐదో తరగతి చాలు, ఉంటాను అనే మాట రాయడానికి."

"నువ్వు పంపేది సరిగ్గా ఉంది. ఆయన పంపేదీ సరిగ్గానే ఉంది. ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. అదే కదా గొడవ."

నాకు కోపం వచ్చింది. కోపం వచ్చిందని ఇక్కడ రాస్తున్నాను. ముప్పై నాలుగేళ్ళలో ఎన్ని వేల తప్పులు దిద్దానో. ఎర్ర సిరా సీసాలు ఎన్ని అయిపోయాయో. ఒక్క అక్షరం, న తీసి ట పెట్టాలి. గోడకు అవతల, రెండు జానల దూరంలో ఉంది. దిద్దలేకపోతున్నాను.

మూత 20వ రోజు

గోడ ఎనిమిది. ఈ రోజు ఆట మధ్యలో ఆగిపోయింది. ఆయన పులిని ఆరు నుంచి పదకొండుకు జరపాలి. ఆరు కొట్టారు. తర్వాత ఏమీ రాలేదు. నలభై నిమిషాలకు పదకొండు దెబ్బలు వచ్చాయి. మధ్యలో ఏం చేశారో తెలియదు. చేతులు రుద్దుకుని ఉంటారు. దుప్పట్లు కప్పుకుని ఉంటారు. కీమేనుకు చలి తెలుసు, పుష్యమాసంలో తెల్లారక ముందే పట్టాల మీద నడిచిన మనిషి అని మా వారికి చెప్పాను. మా వారు నాకు అదే చెప్పారు.

పలక ఎత్తకుండా అలాగే ఉంచాం.

మూత 24వ రోజు

గోడ ఏడు. జవాబు రావడానికి పదకొండు నిమిషాలు పట్టింది. ఉ న న. దెబ్బలు సుత్తివి కావు. పిడికిలివి అనుకుంటాను, మెత్తగా ఉన్నాయి.

మళ్ళీ రాజేశానికి ఫోను చేశాను. నా గొంతు వినగానే "ఏమన్నా తెల్సిందా అమ్మా?" అని వాడే అడిగాడు. తెలుసుకోవలసిన వాడు నన్ను అడిగితే ఏం చెప్పను? ఏమీ తెలియలేదని చెప్పాను. "మా తాతకు కూడా ఇట్లనే ఒక చెవి పోయిందమ్మా" అన్నాడు.

మూత 27వ రోజు

గోడ ఆరున్నర.

ఉదయం పది నుంచి సాయంత్రం ఐదు దాకా, గంటకు ఒకసారి, ఉ ట న. ఎనిమిది సార్లు. జవాబు ఒక్కసారి వచ్చింది, మూడింటికి. గీత లేదు. గీయడానికి కూడా ఓపిక లేదేమో. నాలుగు, ఐదు. నాలుగు, ఐదు. న న.

"నాన్నా అంటున్నాడేమో" అన్నారు మా వారు మెల్లగా.

"కాదు. ఉన్నానంటున్నారు."

"వాళ్ళ నాన్న కూడా కీమేనే, హైమా."

ఆ సంగతి నాకు తెలియదు. పదిహేనేళ్ళ పరిచయం. మాటలు దిద్దాను గాని ఎప్పుడూ అడగలేదు.

మూత 28వ రోజు

తెల్లవారి ఆరున్నర నుంచి ఏడు దాకా తొమ్మిదిసార్లు కొట్టాను. వేళ్ళ కణుపులు చిట్లాయి. మా వారు పొత్రంతో కొట్టారు, నా లెక్క ప్రకారం, నేను అంకె చెబుతుంటే.

ఏడు. మా గడప మా లెక్క చెప్పింది. ముగ్గురు. అదే సమయానికి అవతల ఆ ఇంటి గడప పిలుస్తూ ఉండాలి. మా వారు స్టీలు గ్లాసు గోడకు ఆనించి చెవి పెట్టారు. నేను ఇంకో గ్లాసు.

నాకు వినపడింది గోడ లోపలి హోరు. అంతే.

"ఏదో అన్నాడు" అన్నారు మా వారు.

"ఏమన్నారు?"

"మనిషి గొంతు. మాట తెలియలేదు."

"ట వినపడిందా? ట గట్టి అక్షరం. వినపడాలి."

ఆయన గ్లాసు దించి నా వైపు చూశారు. "హైమా, నీకు అబద్ధం చెప్పమంటే చెబుతాను. నిజం మటుకు తెలియలేదు."

పట్టీ మారితే తెలిసేది రేపటి లెక్కలోనే. పగలంతా అవతలి నుంచి దెబ్బలు రాలేదు. వత్తులు చేయడానికి కూర్చున్నాను. ఎన్ని చేశానో లెక్కపెట్టలేదు.

మూత 29వ రోజు

గడప: "ఈ ఇంట్లో ఇద్దరు."

మా వారు మంచం మీద నుంచి దిగి చేతులు జోడించారు. ఎనిమిదింటికి ఇల్లు ఇరవై రెండు. తొమ్మిదింటికి పంతొమ్మిది. ఆయన పెట్టె తెరిచి రెండు స్వెటర్లు తీశారు. నాది నాకు తొడుగుతూ, చిన్నపిల్లాడిలా నవ్వుతున్నారు. "చలేస్తోందోయ్! చూశావా, చలేస్తోంది!"

"నవ్వకండి" అన్నాను. "ఇద్దరు కావడానికి రెండు కారణాలున్నాయి."

ఆయన నవ్వు ఆగిపోయింది. ఆయనకూ తెలుసు. నిన్నటితో ఇరవై ఎనిమిది లెక్కలు నిండాయి. అప్పలసూరి గారు అక్కడ ఉంటానంటే మా పట్టీలోంచి తీస్తారు. ఇక్కడ పలకలేదని లేరు అని రాసినా తీస్తారు. రెండింటికీ అంకె ఒక్కటే.

కచేరీకి ఫోను. రాజేశం పట్టీ చూశాడు. "ఎంతకు తగ్గిందో రాస్తదమ్మా. ఎందుకు తగ్గిందో రాయది."

గోడ ఉదయం ఆరున్నర. మధ్యాహ్నం ఆరున్నర. గోడ మందం ఎక్కువ, అవతల వేడి వచ్చినా ఇవతలికి తెలియడానికి సమయం పడుతుంది అని మా వారికి చెప్పాను. ఎంత సమయం అని అడిగారు. అది నాకు తెలియదు.

నాలుగింటికి మా వారు పలక ముందు కూర్చుని మేకను జరిపి అన్ని దెబ్బలూ కొట్టారు. ఎదురుచూశారు. నేను పక్కన కూర్చున్నాను. నాలుగున్నర. నాలుగూ యాభై.

ఐదింటికి గోడ ఏడు.

అరడిగ్రీ పెరిగింది. పరికరం పెట్టె తీసి చదివాను. కొలతలో అరడిగ్రీ దాకా తేడా ఉండవచ్చని దాని మీదే రాసి ఉంది. మళ్ళీ కొలిచాను. ఏడు. మళ్ళీ. ఆరున్నర. మళ్ళీ. ఏడు.

ఐదూ పదికి గోడ మీద గీత. సన్నగా, గోరుతో గీసినట్టు. మా వారు నా చెయ్యి పట్టుకున్నారు. ఐదు దెబ్బలు. చాలాసేపు ఏమీ లేదు. నాలుగు, ఐదు. మళ్ళీ చాలాసేపు. నాలుగు. నేను లోపల లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

ఐదు.

ఉ న న.

నిన్న ఉదయం గడపతో కూడా ఇదే మాట అన్నారేమో. ట లేకుండా. అలాగైతే ఆ ఇల్లు ఇంకా ఖాళీ ఇల్లే, మూత విప్పడానికి ఇంకా ముప్పై ఒక్క రోజులు. లేకపోతే అక్కడ ఆ మాట అని, ఇక్కడ నాకు ఈ మాట చెబుతున్నారేమో. రెండూ రాసి పెడుతున్నాను. ఏది సరైనదో నాకు తెలియదు.

పొత్రం చేతిలోకి తీసుకున్నాను. కాదు అనడానికి రెండు దెబ్బలు.

దిద్దలేదు. అవునని ఒక్కటి కొట్టాను.